థర్ల్‌మియర్: మునిగిన సరస్సు, మిగిలిన హక్కు

వాయవ్య ఇంగ్లండ్‌లో లేక్ డిస్ట్రిక్ట్ అనే కొండసీమలో, గ్రాస్‌మియర్ ఊరి నుంచి కెజిక్ పట్టణానికి పోయే దారి పక్కన, హెల్వెలిన్ పర్వతం పడమటి పాదాన్ని ఆనుకొని సుమారు ఆరు కిలోమీటర్ల పొడవున థర్ల్‌మియర్ జలాశయం ఉంది. దారిన పోయే యాత్రికుడికి అది ఆ సీమలోని మిగతా సరస్సుల వంటిదే అనిపించవచ్చు గాని, అక్కడ కనిపించే నీరు మాంచెస్టర్ నగరం ఆనకట్ట కట్టి నిలిపిన నీరు. వేల ఏళ్లుగా అక్కడున్న సహజమైన సరస్సు ఆ నీటి కింద, దాదాపు 50 అడుగుల లోతున, తన ఒడ్డులతో సహా ఉండిపోయింది. స్మారకోపన్యాసాలు సాధారణంగా ఒక మనిషిని తలచుకొని సాగుతాయి. ఈ ఉపన్యాసం ఆ పాత సరస్సును తలచుకొని సాగుతుంది. ఎందుకంటే ఒక ప్రదేశంలో గజం భూమి కూడా లేనివారికి, దాన్ని చూసి సంతోషించడం తప్ప మరే సంబంధమూ లేనివారికి, ఆ ప్రదేశం మీద హక్కు ఉంటుందా అన్న ప్రశ్న బ్రిటిష్ పార్లమెంటు ముందుకు సూటిగా వచ్చింది ఈ సరస్సు విషయంలోనే, ఆ ప్రశ్నకు దొరికిన సగం జవాబు నిలిచి ఉన్నది కూడా ఈ సరస్సును ముంచడానికి అనుమతించిన చట్టంలోనే.

పాత థర్ల్‌మియర్ పెద్ద సరస్సేమీ కాదు. మంచుయుగంలో లోయల వెంట మెల్లగా జారిన హిమానీనదాలు, అంటే కొండల మీద పేరుకుని తమ బరువుకు తామే కదిలే మంచు ప్రవాహాలు, అడుగు రాతిని తొలిచి చేసిన పల్లంలో నిలిచిన నీరు అది. నడుమ దగ్గర రెండు ఒడ్డులూ ఎంత దగ్గరగా వచ్చాయంటే అక్కడ రాతి దిబ్బలను కలుపుతూ ఒక కాలివంతెన వేసుకున్నారు; అందువల్ల చూసేవారికి అది ఒక సరస్సో, పాయతో కలిసిన రెండు సరస్సులో తేలేది కాదు. పడమటి ఒడ్డు రాతి గుట్టలతో వంకరలు తిరిగి నీళ్లలోకి చొచ్చుకొని ఉండేది. దక్షిణపు కొసన విత్‌బర్న్ అనే చిన్న పల్లె, పడమటి ఒడ్డున ఆర్మ్‌బోత్ అనే పాత ఇల్లు, వాటి చుట్టూ గొర్రెలు మేపుకొనే కుటుంబాల పొలాలు, రాతి గోడలు ఉండేవి. చుట్టుపక్కల ప్రసిద్ధికెక్కిన విండర్‌మియర్, డర్వెంట్‌వాటర్ సరస్సులకు వచ్చినంతమంది ఇక్కడికి రాలేదు, ఆ మారుమూలతనమే తర్వాత దీనికి చేటు తెచ్చింది.

సరస్సు ఒడ్డున, పాత రహదారి పక్కన ఒక నున్నని రాతి ముఖం ఉండేది. గ్రాస్‌మియర్‌లో కాపురమున్న కవి విలియం వర్డ్స్‌వర్త్, కెజిక్‌లో ఉన్న మిత్రుడు కోల్‌రిడ్జ్, ఇద్దరి ఇళ్లకూ ఇంచుమించు నడిమి దారిలో కలుసుకునే చోటు అది. పంతొమ్మిదో శతాబ్దపు తొలి ఏళ్లలో ఆ రాతి మీద ఆరుగురి పేర్ల పొడి అక్షరాలు చెక్కారు: వర్డ్స్‌వర్త్‌వి, ఆయన చెల్లెలు డొరొతీవి, తమ్ముడు జాన్‌వి, వర్డ్స్‌వర్త్‌ను పెళ్లాడబోతున్న మేరీ హచిన్సన్‌వి, ఆమె చెల్లెలు సారావి, కోల్‌రిడ్జ్‌వి. పేర్ల రాయి అని జనం దాన్ని పిలుచుకున్నారు. వర్డ్స్‌వర్త్ 1810లో తొలిరూపంలో వెలువరించి, తర్వాత పలుమార్లు పెంచి రాసిన సరస్సుల మార్గదర్శినిలో ఈ సీమ ఒక విధంగా జాతి మొత్తానికి చెందిన ఆస్తి అన్న భావాన్ని ప్రతిపాదించాడు. అయితే అదే కవి 1844లో విండర్‌మియర్ దాకా రైలు మార్గం వేయడాన్ని గట్టిగా వ్యతిరేకించి, మిల్లు పట్టణాల కూలీలు గుంపులుగా వచ్చి ఇక్కడ పొందే లాభం ఏమీ ఉండదని వాదించాడు. జాతి ఆస్తి అన్నప్పుడు ఆ జాతిలో ఎవరెవరు లెక్కకు వస్తారన్న చిక్కు ఆ విధంగా మొదటి నుంచీ ఈ భావంలోనే ఉంది, థర్ల్‌మియర్ తగాదాలో అది పైకి తేలింది.

ఆ చిక్కుకు రెండో పక్క మాంచెస్టర్ ఉంది, ఆ నగరం అవసరాన్ని తేలిక చేసి చెబితే ఈ చరిత్రకు న్యాయం జరగదు. నూలు మిల్లులతో ఒక్క తరంలోనే ఉబ్బిపోయిన ఆ నగరంలో మురుగు కాలువలు, బావులు పక్కపక్కనే ఉండేవి. 1832లోనూ 1849లోనూ కలరా వచ్చింది. కార్మిక వర్గపు ఆరోగ్య పరిస్థితుల గురించి ఎడ్విన్ చాడ్విక్ 1842లో ప్రకటించిన నివేదిక ప్రకారం మాంచెస్టర్ కూలీల కుటుంబాల్లో చనిపోయేవారి సగటు వయసు 17 ఏళ్లు కాగా, పల్లెలతో నిండిన రట్లండ్ కౌంటీలో అదే వర్గానికి 38 ఏళ్లు. పసిపిల్లల మరణాలు ఆ సగటును అంతగా కిందికి లాగాయి. మాంచెస్టర్ పురపాలక సంస్థ 1848లో పనులు మొదలుపెట్టి, నగరానికి తూర్పున లాంగ్‌డెండేల్ లోయలో ఒకదాని కింద ఒకటిగా జలాశయాల వరుసను కట్టించింది. జాన్ ఫ్రెడరిక్ బేట్‌మన్ అనే ఇంజనీరు చేపట్టిన ఆ పని పూర్తయ్యేసరికి 1877 వచ్చింది, అప్పటికే ఆ నీరు రాబోయే కాలానికి చాలదని తేలిపోయింది. తెలుగు పాఠకుడు ఈ సందర్భంలో మరో సంగతి కూడా గుర్తుంచుకోవడం సమంజసం: కోస్తా తెలుగు జిల్లాల చేనేతను పంతొమ్మిదో శతాబ్దంలో కుంగదీసిన మిల్లు గుడ్డ తయారైంది ఈ మాంచెస్టర్ చుట్టుపక్కల లాంకషైర్ పట్టణాల్లోనే. అయినా ఆ మిల్లుల్లో పనిచేసిన ఆడవారికీ పిల్లలకూ శుభ్రమైన నీరు కావాలన్నది కాదనరాని మాట.

నగరం కన్ను వంద మైళ్ల దూరంలోని థర్ల్‌మియర్ మీదే పడటానికి కారణాలు భౌతికమైనవి. అది సముద్రమట్టానికి 500 అడుగులకు పైబడిన ఎత్తున ఉంది. దాని మీద కురిసే వాన ఇంగ్లండ్‌లో అత్యధికంగా కురిసే చోట్ల వానతో పోల్చదగినది. నీరు బయటికి పోయే ఉత్తరపు కొస సన్నగా, రెండు వైపులా గట్టి రాతితో ఉండడం వల్ల తక్కువ పొడవున్న ఆనకట్టతోనే లోయంతా నింపవచ్చు. పరీవాహక ప్రాంతంలో, అంటే ఏ నేల మీద పడిన వాన ఆ సరస్సులోకి చేరుతుందో ఆ నేల మీద, జనం చాలా తక్కువ కాబట్టి నీరు శుభ్రంగా ఉంటుంది, నష్టపరిహారం కూడా తక్కువే. ఒక్కటే అడ్డంకి. థర్ల్‌మియర్ నీరు సెయింట్ జాన్స్ బెక్ అనే వాగుగా ఉత్తరానికి పారి, కెజిక్ మీదుగా డర్వెంట్ నదిలో కలిసేది. మాంచెస్టర్ ఉన్నది దక్షిణాన. నీరు పల్లమెరుగు కనుక, ఆ పల్లాన్ని తమ వైపు కల్పించడానికి ఇంజనీర్లు రెండు కౌంటీల సరిహద్దైన డన్‌మెయిల్ రెయిజ్ కనుమ కింద దాదాపు మూడు మైళ్ల సొరంగం తవ్వాలని నిశ్చయించారు. అక్కడి నుంచి 96 మైళ్లు, మైలుకు సుమారు 20 అంగుళాల వాలుతో, ఎక్కడా యంత్రంతో తోడకుండా నీరు తనంతట తాను మాంచెస్టర్ చేరుతుంది. కొండ అడ్డం వచ్చినచోట సొరంగం, సమతలం మీద నేల తవ్వి కట్టి మళ్లీ మట్టి కప్పిన కాలువ, లోయ అడ్డం వచ్చినచోట ఒక గట్టు నుంచి దిగి రెండో గట్టుకు ఎక్కే ఇనుప గొట్టాల వరుస, అంటే సైఫన్. సరస్సులో బయలుదేరిన నీరు ఒక పగలూ ఒక రాత్రీ కొంచెం పైగా ప్రయాణిస్తే నగరం చేరుతుంది. ఎంత కఠినంగా తీర్పు చెప్పేవారైనా ఈ పనిలోని నేర్పును మెచ్చుకోకుండా ఉండలేరు, మెచ్చుకోవలసినదే కూడా.

ఈ పథకం సంగతి బయటపడగానే 1877లో థర్ల్‌మియర్ రక్షణ సంఘం ఏర్పడింది. కెండల్ పట్టణంలో చెప్పుల వ్యాపారి అయిన రాబర్ట్ సమర్‌వెల్ దానికి మూలపురుషుడు. అంతకు ముందు ఏడాదే ఆయన కొండల్లోకి రైలు మార్గాలను పొడిగించరాదని ఒక చిన్న పుస్తకం వేస్తే దానికి కళావిమర్శకుడు జాన్ రస్కిన్ ముందుమాట రాశాడు. కార్లైల్ బిషప్, పండితులు, పత్రికా రచయితలు, దేశం నలుమూలలా ఆ సరస్సును ఒకసారి చూసి మళ్లీ చూడాలనుకున్నవారు సంఘానికి బలమయ్యారు. నగరపు పక్షం వారు వీరిని భావుకులని తేలికగా తీసేశారు. అంతటితో ఆగక, ఆనకట్ట కడితే సరస్సు మరింత అందంగా మారుతుందని కూడా వాదించారు: నీరు విశాలమై, పూర్వం ఏనాడో ఉన్న మట్టానికి తిరిగి చేరుతుందనీ, ఒడ్డున చక్కని బండి బాట వస్తుందనీ చెప్పారు. ఈ వాదాన్ని ఇప్పటి పాఠకుడు కపటమని కొట్టివేయడం తొందరపాటు అవుతుంది. అందమంటే వైశాల్యమనీ, అందుబాటు అనీ మనసారా నమ్మిన మనుషులు వారు. కాని నీటిమట్టం పెద్దగా మారని సరస్సుకు, వేసవిలో అడుగుల కొద్దీ దిగి వానాకాలంలో మళ్లీ ఎగసే జలాశయానికి మధ్య తేడా ఏమిటో వారు ఊహించలేదు. జలాశయం ఒడ్డున మొక్క మొలవదు, నీరు దిగినప్పుడల్లా చుట్టూ బోసి రాతి పట్టీ బయటపడుతుంది. సంఘం వారు ఈ సంగతిని ముందే చెప్పారు, జరిగింది అదే.

పార్లమెంటులో జరిగినదే ఈ కథలో అసలు ఘట్టం. ఒక నగరం నీటి కోసం భూమి సేకరించాలంటే ప్రైవేట్ బిల్లు, అంటే ఒక స్థలానికో సంస్థకో మాత్రమే వర్తించే చట్టపు ముసాయిదా, పెట్టాలి. దానికి అడ్డు చెప్పేవారికి విచారణ కమిటీ ముందు నిలబడే అర్హత ఉండాలి. ఈ అర్హతను న్యాయశాస్త్రంలో లోకస్ స్టాండై అంటారు, అది సాధారణంగా ఆస్తికో జీవనాధారానికో నష్టం కలిగేవారికి మాత్రమే దక్కుతుంది. భూస్వామికి గొంతు ఉంది, నీటిమిల్లు యజమానికి గొంతు ఉంది, కొండను చూడడానికి వచ్చే బాటసారికి లేదు. 1878లో థర్ల్‌మియర్ బిల్లు వచ్చినప్పుడు కామన్స్ సభ మామూలు పద్ధతిని పక్కనబెట్టి, దాన్ని లయన్ ప్లేఫెయిర్ అధ్యక్షతన ఒక మిశ్రమ కమిటీకి పంపింది. కొందరు సభ్యులను సభ, మరికొందరిని ఎంపిక సంఘం నియమించే ఇటువంటి కమిటీకి విశాలమైన ప్రజాప్రయోజనం గల విషయాలను పరిశీలించే అవకాశం ఉంటుంది. మాంచెస్టర్‌కు నిజంగా ఎంత నీరు కావాలి, దారిలో ఉన్న ఇతర పట్టణాల సంగతేమిటి, కొండసీమ సరస్సులను ఒక నగరం తన కోసం పట్టుకుపోవచ్చునా అన్న ప్రశ్నలు ఆ విధంగా విచారణకు వచ్చాయి, దృశ్యసౌందర్యం సాక్ష్యం చెప్పదగిన విషయమైంది. అదే ఏడాది కామన్స్ సభ నియమించిన మరో కమిటీ ముందు, గోదావరి ఆనకట్ట కట్టిన సర్ ఆర్థర్ కాటన్ భారతదేశంలో కాలువల ఆవశ్యకత గురించి వాదిస్తున్నాడు. నీటిని ఎవరి కోసం, ఏ ఖర్చుకు మళ్లించాలన్న ఆలోచన ఆ కాలపు లండన్‌లో ఇన్ని రూపాల్లో సాగింది.

కమిటీ చివరకు మాంచెస్టర్ పక్షానే మొగ్గింది. విధివిధానాల లోపం వల్ల ఆ ఏడాది ఆగిన బిల్లు 1879లో చట్టమైంది. అయితే ఓడినవారి పట్టుదల ఆ చట్టంలో తన గుర్తు విడిచిపోయింది. పనులు చేసేటప్పుడు ప్రకృతి దృశ్యపు అందాన్ని కాపాడడంలో భూస్వాముల కోసమే కాక ప్రజల కోసం కూడా తగిన శ్రద్ధ వహించాలని అందులో ఒక నిబంధన చేరింది. చుట్టూ ఉన్న కొండల మీదికి ప్రజలు, యాత్రికులు అప్పటిదాకా అనుభవిస్తున్న రాకపోకలకు ఏ విధమైన ఆటంకమూ కలిగించరాదని మరో నిబంధన చేరింది. సొంతదారు దయతో దొరికే అనుమతికీ, చట్టం గుర్తించిన రాకపోకలకూ మధ్య ఉన్న దూరం ఎంతో పేదవాడికి తెలిసినంతగా మరొకరికి తెలియదు. బర్మింగ్‌హామ్ నగరం వేల్స్‌లోని ఈలన్ లోయ నీటి కోసం 1892లో చట్టం చేయించుకున్నప్పుడు అక్కడి కొండల మీదా బయళ్ల మీదా ప్రజల సంచార హక్కును అందులో రాయడం మామూలు విషయమైపోయింది. థర్ల్‌మియర్ రక్షణ సంఘం సరస్సును కాపాడలేకపోయిందన్నది నిజం; కాని ఓటమిలో సంపాదించిన ఈ రెండు నిబంధనలు దాని సాఫల్యమని గట్టిగా చెప్పవచ్చు.

పనులు 1894లో ముగిశాయి. ఉత్తరపు కొసన నూరు అడుగులకు పైబడిన ఎత్తున రాతి ఆనకట్ట లేచింది. అక్టోబరు 12న సరస్సు దగ్గర ప్రారంభోత్సవం, మరునాడు మాంచెస్టర్ ఆల్బర్ట్ చౌక్‌లో ఫౌంటెన్ నుంచి థర్ల్‌మియర్ నీరు చిమ్మే వేడుక జరిగాయి. నగర జలసరఫరా సంఘానికి అధ్యక్షుడైన జాన్ జేమ్స్ హార్వుడ్ మరుసటి ఏడాది ఆ పథకం చరిత్రను గర్వంగా పుస్తకంగా ప్రకటించాడు, ఆ గర్వానికి కారణం ఉంది. ఈ పక్క ఆర్మ్‌బోత్ ఇల్లు, నడుమ దగ్గరి కాలివంతెన, ఒడ్డు పొలాలు నీటిపాలయ్యాయి, విత్‌బర్న్ పల్లె క్రమంగా లేకుండా పోయి పదిహేడో శతాబ్దపు చిన్న చర్చి మాత్రం గట్టు మీద మిగిలింది. పేర్ల రాయికి కూడా కాలం తీరింది. కొత్త పనుల్లో అది పేలుడుకు పగిలిపోతే, మతగురువు క్యానన్ హార్డ్‌విక్ రాన్స్‌లీ, ఆయన భార్య ఈడిత్ అక్షరాలున్న ముక్కలను ఏరి, కొత్త బాటకు పైన రాళ్ల కుప్పగా పేర్చి నిలిపారు. అరచేతి వెడల్పు కూడా లేని ఒక్కొక్క అక్షరపు గీతలు ఆ ముక్కల మీద అలాగే ఉన్నాయి. 1984లో వాటిని గ్రాస్‌మియర్‌కు తరలించి, వర్డ్స్‌వర్త్ నివసించిన డవ్ కాటేజ్ దగ్గరి మ్యూజియం వెనుక మళ్లీ అమర్చారు.

నీరు నిండడంతో నష్టం ఆగి ఉంటే మాంచెస్టర్‌ను క్షమించడం తేలికయ్యేది. 1908 నుంచి నగరం సరస్సు చుట్టూ వాలుల మీద లార్చ్, స్ప్రూస్ వంటి సూదిమొన ఆకుల చెట్లను బారులుగా నాటించింది. ఇవి త్వరగా ఎదిగి కలపనిస్తాయనీ, పశువుల మేతను తప్పించి నీటిలోకి మట్టి, మలినం చేరకుండా ఆపుతాయనీ దాని లెక్క. వేర్వేరు పచ్చలతో, ఎండు ఫెర్నుల గోధుమరంగుతో ఋతువును బట్టి మారే కొండ మొహం దశాబ్దాల పాటు ఒకే ముదురు రంగు కింద మూసుకుపోయింది. నీటి శుభ్రత పేరుతో ఒడ్డు దగ్గరికి కూడా జనాన్ని రానివ్వలేదు. నగరానికి వెళ్లే నీటిని ఆ కాలంలో వడబోసే ఏర్పాటు లేదు కాబట్టి ఆ భయం పూర్తిగా నిరాధారమైనదేమీ కాదు. అయినా చట్టంలో అందం గురించి రాసిన నిబంధన కాగితానికే పరిమితమైందన్న కోపం పెరిగింది. 1934లో ఏర్పడిన ఫ్రెండ్స్ ఆఫ్ ది లేక్ డిస్ట్రిక్ట్ సంస్థలో ముఖ్యుడైన హెచ్. హెచ్. సైమండ్స్ 1936లో ఈ తోటల పెంపకం మీద ఒక పుస్తకమే రాశాడు, అదే ఏడాది ప్రభుత్వ అటవీ సంస్థ లేక్ డిస్ట్రిక్ట్ నడిబొడ్డున సుమారు 300 చదరపు మైళ్లలో ఇటువంటి తోటలు వేయబోమని ఒప్పుకుంది.

ఓడినవారు ఇంటికి వెళ్లి కూర్చోలేదు. బటర్‌మియర్ ప్రాంతంలోకి రైలు మార్గం తేవాలన్న ప్రయత్నాన్ని అడ్డుకోవడానికి రాన్స్‌లీ 1883లో లేక్ డిస్ట్రిక్ట్ రక్షణ సభను నెలకొల్పాడు. ఎప్పటికప్పుడు వచ్చిన ముప్పును ఆపడానికి పరుగెత్తడం కంటే, ప్రజల తరఫున భూమిని కొని శాశ్వతంగా అట్టిపెట్టే సంస్థ ఒకటి కావాలన్న ఆలోచన అనుభవం మీద బలపడింది. రాన్స్‌లీ, సంఘసంస్కర్త ఆక్టేవియా హిల్, న్యాయవాది సర్ రాబర్ట్ హంటర్ కలిసి 1895లో నేషనల్ ట్రస్ట్‌ను స్థాపించారు. 1902లో ఆ ట్రస్ట్ డర్వెంట్‌వాటర్ ఒడ్డున బ్రాండల్‌హో అనే 108 ఎకరాల అడవిని 6,500 పౌండ్లకు కొన్నప్పుడు, చందాలిచ్చినవారిలో ఉత్తరాది పారిశ్రామిక నగరాల సామాన్యులు చాలామంది ఉన్నారు. వర్డ్స్‌వర్త్ పడిన భయానికి ఇంతకంటే చక్కని సమాధానం మరొకటి లేదు.

మాంచెస్టర్ దాహం మాత్రం తీరలేదు. 1919 చట్టంతో హాస్‌వాటర్ సరస్సును తీసుకొని, 1930లలో మార్డేల్ గ్రామాన్ని ముంచింది. అక్కడి చర్చి ఆవరణలో సమాధి చేసిన 97 మంది అవశేషాలను షాప్ గ్రామానికి తరలించారు, కరువు ఏళ్లలో నీరు దిగినప్పుడు మార్డేల్ గోడలు నేటికీ బయటపడతాయి. లేక్ డిస్ట్రిక్ట్ 1951లో జాతీయ ఉద్యానమయ్యాక నగరం అల్స్‌వాటర్ నీటి కోసం వచ్చింది. 1962 ఫిబ్రవరి 8న ప్రభువుల సభలో, న్యూరెంబర్గ్ విచారణలో న్యాయమూర్తిగా కూర్చున్న లార్డ్ బర్కెట్ దానికి వ్యతిరేకంగా ప్రసంగించాడు. 36 ఓట్లకు ఎదురుగా 70 ఓట్లతో ఆ ప్రతిపాదన వీగిపోయింది, రెండు రోజులకు ఆయన కన్నుమూశాడు. తర్వాత కొన్నేళ్లకు అల్స్‌వాటర్ నుంచి నీరు తీసుకోవడానికి అనుమతి దొరికింది గాని, ఆనకట్ట లేకుండా, పంపుల కేంద్రాన్ని భూమిలో దాచి, నీటిమట్టాన్ని కాపాడుతూ తీసుకోవాలన్న కట్టడితోనే దొరికింది. 1879లో భావుకత అని పక్కనబెట్టిన అభ్యంతరం ఎనభై ఏళ్లు దాటాక ఇంజనీర్లు పాటించవలసిన లెక్కల్లో ఒకటైంది.

ఇంత నష్టపోయిన థర్ల్‌మియర్‌కు ఇటీవల మరో బాధ్యత కూడా పడింది. పశ్చిమ కంబ్రియా పట్టణాలు చాలా కాలం ఎన్నర్డేల్ సరస్సు నీటి మీద ఆధారపడేవి. దాని నుంచి పారే ఈహెన్ నదిలో మంచినీటి ముత్యపు ఆల్చిప్పలు, అంటే వందేళ్లకు పైగా బతికే, శుభ్రమైన చల్లని ప్రవాహం లేకపోతే పిల్లలను కనలేని ఒక జాతి, ఇంగ్లండ్‌లో మరెక్కడా లేనంత సంఖ్యలో ఉన్నాయి. ఆ ప్రవాహాన్ని తగ్గించకుండా ఉండడానికి థర్ల్‌మియర్ నుంచి పడమటికి కొత్త గొట్టపు మార్గం వేసి, 2022లో ఎన్నర్డేల్ నుంచి నీరు తీసుకోవడం మానేశారు. వంద మైళ్ల దూరంలోని నగరం కోసం ముంచిన సరస్సు నుంచి ఇప్పుడు పడమటి లోయలోని మరో సరస్సును విడిచిపెట్టడానికి నీరు వెళుతోంది. ఒడ్డున బాటలు తెరుచుకున్నాయి, సూదిమొన చెట్లను కొద్దికొద్దిగా తీసి ఓక్, బర్చ్ వంటి స్థానిక జాతులకు చోటిస్తున్నారు. 1879 చట్టం కోరిన శ్రద్ధ కొండ వాలుల మీద ఇప్పుడిప్పుడే కనిపిస్తోంది.